మంచునేల జాగిలములు – మన కొండల వేసవి

ప్రతి ప్రాణియు తాను పుట్టిన నేలకు తగిన దేహమును ధరించి యుండును. ఎడారిలోని ఒంటె దినములకొలది నీరు లేక నడువగలదు. హిమాలయములందలి చమరీమృగము మంచుగాలికి వెఱవదు. ఒంటెను మంచుకొండపైకిని, చమరీమృగమును ఎడారిలోనికిని తోలుకొనిపోయినచో రెండును బాధపడును. ఈ మాట వినుటకు మిక్కిలి సులభముగా నున్నది. కాని పెంపుడు జంతువులను కొని తెచ్చుకొను వేళ దీనిని మఱచువారు పెక్కుమంది కలరు.

మన సమీపముననే దీనికొక చక్కని నిదర్శనము కలదు. పుంగనూరు ఆవును చూడుడు. అది 70 మొదలు 90 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఎదుగును. ఆఱేడేండ్ల బాలుని రొమ్మునకు మించదు. దాని బరువు 115 మొదలు 200 కిలోలు. పెద్ద జాతి ఆవులకు ఏ మూలకును చాలని ఎండుమేతతో ఇది కడుపు నింపుకొనును. వానలు తప్పిన సంవత్సరములందును తాళుకొని నిలుచును. సామాన్యముగా ఆవుపాలలో వెన్న నూటికి మూడు నాలుగు పాళ్లుండగా, దీని పాలలో ఎనిమిది పాళ్లవఱకు నుండును. ఈ జాతి అంతరించిపోకుండ పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రమువారు దీనిని కాపాడుచున్నారు. రాతినేల, కఱవు, కొద్దిపాటి మేత – వీని నడుమ బ్రదుకుటకు చిన్న దేహమే మేలు. పుంగనూరు నేలయే ఈ ఆవును ఇట్లు తీర్చి దిద్దినది.

ఇటీవల మన పట్టణముల వీథులలో వేఱొక ప్రాణి అప్పుడప్పుడు కంటబడుచున్నది. తోడేలు వంటి మొగము, నిక్కిన చెవులు, కొన్నిటికి నీలి కన్నులు, వీపుపైకి చుట్టుకొన్న గుబురు తోక – దీనిని చూచి పిల్లలు ఆగిపోవుదురు. ఇదియే సైబీరియా హస్కీ యను జాగిలము. దీనిని తీర్చి దిద్దిన నేల వేఱు. ఆ నేలను గూర్చి తెలిసికొననిదే ఈ కుక్కను మనము తెలిసికొనజాలము.

ఆసియా ఖండపు ఈశాన్యపు కొనలో చుక్చీ యను జాతివారు కలరు. వారి దేశమున సంవత్సరమున పెక్కు నెలలు మంచు నేలను కప్పి యుండును. అచ్చట చక్రముల బండి నడువదు. మంచుపై జాఱుచుపోవు స్లెడ్జి బండియే వాహనము. ఆ బండిని లాగుటకై చుక్చీలు తరతరములుగా ఈ కుక్కలను పెంచిరి. తక్కువ తిండి తిని, ఎక్కువ దూరము, అలయక పరుగెత్తవలెను – ఇది వారు కోరిన గుణము. కావుననే హస్కీ మిక్కిలి పెద్ద కుక్క కాదు. మగకుక్క బరువు 20 మొదలు 27 కిలోలు. ఎత్తు ఇంచుమించు 60 సెంటీమీటర్లు. ఎస్కిమో యను మాటయే నావికుల నోట నలిగి హస్కీ యయినదని భాషావేత్తలు చెప్పుదురు.

ఈ కుక్కకు రోమములు రెండు పొరలుగా నుండును. లోపలిది దూదివలె మెత్తగా, దట్టముగా నుండి దేహపు వేడిని బయటికి పోనీయదు. వెలుపలిది పొడవుగా, బిరుసుగా నుండి మంచును, తడిని లోనికి రానీయదు. ‘కుక్క తోక వంకర’ యని మనము ఎగతాళిగా అందుము గదా. హస్కీకి ఆ వంకరయే రక్ష. మంచులో ముడుచుకొని పండుకొన్నపుడు అది తన తోకతో ముక్కును కప్పుకొనును. తన ఊపిరి వేడియే తనకు దుప్పటి యగును.

ఈ జాతి కీర్తిని లోకమునకు చాటిన సంఘటన యొకటి 1925వ సంవత్సరమున జరిగెను. అలాస్కా దేశమున సముద్రతీరమందు నోమ్ అను చిన్న పట్టణము కలదు. ఆ యేడు జనవరిలో అచ్చటి బిడ్డలకు డిఫ్తీరియా యను కంఠవ్యాధి సోకెను. దానిని మాన్పు మందు పట్టణమున లేదు. సముద్రము గడ్డకట్టినందున ఓడలు రాజాలవు. ఆ చలిలో విమానములను నమ్ముటకు వీలులేకపోయెను. మందును రైలులో నెనానా యను ఊరివఱకు తేగలిగిరి. అచ్చటి నుండి నోమ్ పట్టణము 1,085 కిలోమీటర్ల దూరము. తపాలా బండ్లకు ఇంచుమించు 25 దినములు పట్టు దారి యది. ఇరువదిమంది బండివారు, సుమారు నూటయేబది కుక్కలు, ఒకరి నుండి యొకరు మందు పెట్టె నందుకొనుచు, అయిదున్నర దినములలో ఆ దూరమును గడచిరి. ఫిబ్రవరి 2వ తేదీన మందు నోమ్ చేరెను. అందఱికన్న దీర్ఘమును, అపాయకరమును అయిన భాగమును లియొనార్డ్ సెప్పాలా యను నతడు నడపెను. అతని బండికి ముందు నడచినది టోగో యను కుక్క. కడపటి భాగమున ముందు నడచినది బాల్టో. ఆ యేడే న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కులో బాల్టోకు విగ్రహము నిలిపిరి. ఆ మందు పసిబిడ్డల ప్రాణములు కాచెను.

గడ్డకట్టిన నేలపై ఇంతటి సామర్థ్యము చూపిన దేహము ఎండలో నేల తల్లడిల్లును? దీనికి కారణము తెలిసికొందము. మనకు దేహమంతటను చెమటగ్రంథులు కలవు. చెమట ఆవిరియగుచు దేహపు వేడిని తీసికొనిపోవును. కుక్కకు చెమట పాదముల క్రింద మాత్రమే పట్టును. అది ఏ మూలకును చాలదు. కావున కుక్క నోరు తెఱచి, నాలుక చాచి రొప్పును. నాలుకపైని, ముక్కులోపలను ఉన్న తడి ఆవిరియై వేడిని వెలికి పంపును. గాలి పొడిగా నున్నపుడు ఈ ఉపాయము బాగుగా పనిచేయును. ఉక్కపోతలో తడి త్వరగా ఆవిరి కాదు గనుక రొప్పుట వలన ఫలము తగ్గును. కుక్కకు సహజమైన దేహోష్ణము 38 డిగ్రీలు మొదలు 39 డిగ్రీల పైచిలుకు. అది 41 డిగ్రీలు దాటినచో మెదడు, మూత్రపిండములు మున్నగునవి చెడిపోవ నారంభించును. ఇదియే వడదెబ్బ. సహజస్థితికిని, ప్రాణాపాయమునకును నడుమనున్న ఎడము రెండు డిగ్రీలకు మించదని గమనింపుడు.

మన ప్రాంతము కోస్తాతీరమంతటి వేడిది కాదు. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. ఎత్తునకు పోయిన కొలది ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణము ఇంచుమించు ఆఱున్నర డిగ్రీలు తగ్గును. ఇచ్చటి గాలి పొడిగాను, ఆరోగ్యకరముగాను ఉండుటచేతనే 1915వ సంవత్సరమున మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగులకై చికిత్సాలయము వెలసెను. ఇంకను ఎత్తున నున్నది హార్స్‌లీ కొండ. మదనపల్లెకు ముప్పది కిలోమీటర్ల లోపుననే యున్న ఈ కొండ 1,200 మీటర్లకు పైబడిన ఎత్తు కలది. కావున పట్టణముకన్న అచ్చట మూడు నాలుగు డిగ్రీలు చల్లగా నుండును. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర వేసవి విడిదికై దీనిపై ఇల్లు కట్టుకొనుటచే ఆ పేరు వచ్చెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువఱకు మదనపల్లె కడప జిల్లాలో చేరి యుండెను. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ యను సాధ్వి అచ్చట వసింపగా ఏనుగులు ఆమెకు ఆహారము తెచ్చి యిచ్చెడివని జనులు కథగా చెప్పుకొందురు.

అయినను మన వేసవి వేసవియే. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నములందు ఎండ 35 డిగ్రీలు దాటుట సామాన్యము. ఆ వేళ బొచ్చుకుక్కకు మదనపల్లెయైనను కొలిమియే.

ఇట్టి చోట ఒక గృహస్థుడు రెండు హస్కీలను పెంచుచున్నాడనుకొందము. రెండేల యనగా, ఈ జాతి గుంపుగా బండి లాగిన జాతి; ఒంటరితనమును సహింపదు. తోడు లేనిచో దొడ్డిలో గోతులు త్రవ్వును. గోడ దుమికి పాఱిపోవును. రెండున్నచో ఒకదానితో నొకటి ఆడుకొనును. కాని పనియు రెట్టింపగునని మఱవరాదు.

ఆ యింటి దినము కోడికూతతో మొదలగును. చీకటి విచ్చకమునుపే ఇంటివారు కుక్కలను నడకకు తీసికొనిపోవలెను. గంటసేపయినను నడువనిచో వానికి తృప్తి యుండదు. లాగుట వాని పుట్టుగుణము గనుక మెడ పట్టెడకు గొలుసు తగిలించినచో గొంతు నొక్కుకొనిపోవును. రొమ్మును చుట్టి కట్టు పట్టీ మేలు. టమాటా లారీలు మార్కెట్టు దారి పట్టకముందే నడక ముగియవలెను. ఈ కుక్కలు గొలుసు వదలిన మఱుక్షణము పరుగు తీయును, పిలిచినను తిరిగి చూడవు.

నడక ముగిసి, రొప్పు తగ్గిన పిమ్మట ఆహారము. ఉడికించిన మాంసము, గ్రుడ్డు, అన్నము, మన రాగిసంకటి – వీనిని వైద్యుడు చెప్పిన పాళ్లలో పెట్టవచ్చును. కాని మనము తిను కూరలు కలుపరాదు. మన ప్రాంతమున ఎఱ్ఱగడ్డ యని పిలుచు ఉల్లి కుక్కల రక్తకణములను చెఱచును. వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు గూడ వానికి విషతుల్యములు. 25 కిలోల కుక్కకు దినమునకు లీటరుంబావు మొదలు లీటరున్నర నీరు కావలెను. వేసవిలో ఇంకను ఎక్కువ.

ఎండ ముదిరినప్పటి నుండి ప్రొద్దు వాలువఱకు అవి ఇంటిలోపలనే యుండవలెను. కడపబండలు పఱచిన చల్లని నేల, గాలి యాడు కిటికీ, ఫంకా, మట్టితొట్టిలో నీరు – ఇవి యున్నచో అవి కాళ్లు చాపుకొని నిద్రించును. రేకుల కప్పు క్రింద కట్టివేయుట క్రూరకార్యము. నిలిపిన మోటారుకారులో వదలుట అంతకన్న ఘోరము. ఎండలో నిలిచిన కారులోపలి వేడి పది నిమిషములలోనే ఇంచుమించు పది డిగ్రీలు పెరుగును.

ఎండకు తాళలేదని జాలిపడి కొందఱు దీని బొచ్చును గొఱిగింతురు. ఇది మేలుచేయబోయి కీడుచేయుట. వెలుపలి పొర చర్మమునకు గొడుగు వంటిది. దానిని తీసివేసినచో ఎండ నేరుగా తగులును. గొఱిగిన బొచ్చు కొన్నిటికి మరల సరిగా మొలవదు. చేయదగినది దువ్వుట. వేసవి వచ్చునపుడు లోపలి పొర గుత్తులు గుత్తులుగా ఊడును. దానిని దినదినము దువ్వి తీసినచో గాలి చర్మమువఱకు చేరును.

రాత్రులందు హస్కీ మొఱుగుట తక్కువ. ఊళ పెట్టుట ఎక్కువ. కుక్క యేడ్చినచో కీడు కలుగునని భయపడువారు మన యూళ్లలో నేటికిని కలరు. ఆ ఊళలో శకునమేమియు లేదు. దూరముననున్న తోటివారిని పలుకరించుట దాని యుద్దేశము. అయినను ఇరుగుపొరుగువారి నిద్రను కాపాడుట పెంచువాని ధర్మము. ఉదయము చక్కగా నడచిన కుక్క రాత్రి నెమ్మదిగా నిద్రించును.

ఇక వేసవి కొండనడకను గూర్చి చెప్పవలెను. సెలవులలో హార్స్‌లీ కొండకు కుక్కలతో పోదలచువారు అటవీశాఖవారి నియమములను ముందుగా తెలిసికొనవలెను. పోవుటకు ఉదయము మేలా, సాయంకాలము మేలా? ఎండ తగ్గినది గదా యని పెక్కుమంది సాయంకాలము నెన్నుకొందురు. కాని మన కొండలు నల్లరాతి కొండలు. ఆ రాళ్లు పగలంతయు ఎండను త్రాగి, ప్రొద్దు క్రుంకిన పిమ్మటను చాలసేపు వేడిని వెలిగ్రక్కుచుండును. చెప్పులు తొడిగిన మనకు అది తెలియదు. వట్టి పాదములతో నడచు కుక్కకు తెలియును. రాత్రియంతయు చల్లాఱిన రాయి వేకువను హాయిగా నుండును. కావున సూర్యోదయమునకు ముందు బయలుదేఱి, ఎనిమిది గంటలకెల్ల తిరిగి నీడకు చేరవలెను. అనుమానము కలిగినపుడు అరచేతి వెనుకభాగమును నేలపై మోపి యుంచుడు. ఏడు సెకనులు ఉంచలేనిచో ఆ నేల కుక్క పాదములకు తగదు.

దారిలో ప్రతి పావుగంటకును నీలగిరి చెట్ల నీడనో, మఱియొక చెట్టు క్రిందనో నిలిచి కొంచెము కొంచెముగా నీరు త్రాగింపవలెను. కుక్క తనంతట తాను నిలువదు. అలసట తెలియక పరుగెత్తుటకే పెంచిన జాతి గనుక, యజమాని వెంట ఒరిగిపోవువఱకు నడచును. నోమ్ దారిలో గొప్పదనమైన గుణమే ఇచ్చట అపాయమగుచున్నది. ఆగుమని చెప్పవలసినవాడు మనుష్యుడే.

ఒకవేళ కుక్క మితిమీఱి రొప్పుచు, చొంగ కార్చుచు, చిగుళ్లు మిక్కిలి ఎఱ్ఱనై, అడుగులు తడబడుచుండినచో అది వడదెబ్బ. అపుడు తొలుత దేహమును చల్లార్చవలెను. ఆ తరువాతనే వైద్యుని యొద్దకు కొనిపోవలెను. నీడకు చేర్చి, దొరకిన నీటిని ఒడలంతటను బాగుగా పోసి, విసనకఱ్ఱతో నయినను గాలి విసరవలెను. తడిగుడ్డ కప్పి యుంచరాదు. కొంతసేపటికి ఆ గుడ్డయే వేడెక్కి దేహపు వేడిని బయటికి పోనీయదు. స్పృహ తప్పినచో నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. కుక్క తేఱుకొన్నట్లు కనబడినను వైద్యునికి చూపుట మానరాదు. లోపలి హాని ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట బయటపడవచ్చును.

కుప్పము వైపు అడవులకు ఈ నియమములు మాత్రమే చాలవు. పలమనేరు, కుప్పము ప్రాంతపు అడవులలో 1980 తరువాతి సంవత్సరములందు తమిళనాడు వైపు నుండి ఏనుగులు వచ్చి నిలిచెను. వాని రక్షణకై 1990లో కౌండిన్య అభయారణ్యమును ఏర్పఱచిరి. అది సుమారు 358 చదరపు కిలోమీటర్ల వైశాల్యము కలది. అభయారణ్యమున అనుమతి లేక ప్రవేశించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. కుక్కను తీసికొనిపోవుట మఱియు ప్రమాదము. ఏనుగును చూచి కుక్క మొఱుగును. ఏనుగు తిరుగబడగానే అది రక్షణకై యజమాని యొద్దకే పరుగెత్తి వచ్చును. దాని వెనుక ఏనుగు వచ్చును. అంతియేగాక ఊరి కుక్కల రోగములు అడవి జంతువులకు సోకవచ్చును. అడవి ఏనుగు ఇల్లు. అతిథి పిలువక పోరాదు.

పెంచిన కుక్క ఏ జాతిదైనను దానికి ఏటేట పిచ్చివ్యాధి టీకా వేయింపవలెను. 1885లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు పండితుడు తొలిసారిగా ఒక బాలునికి ఈ వ్యాధి టీకా వేసి ప్రాణము కాపాడెను. ఈ వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిమ్మట బ్రదుకుట దాదాపు అసంభవము. కఱచిన వెంటనే టీకా వేయించుకొన్నచో భయము లేదు. విద్యార్థులారా! ఏ కుక్కయైనను కఱచినచో, గోకినచో, ఆ గాయమును సబ్బుతో పాఱు నీటి క్రింద పదునైదు నిమిషములు కడుగుడు. సున్నము, కాఫీపొడి, పసరు పెట్టకుడు. ఇంటిలో తిట్టుదురని దాచకుడు. అదే దినము ఆసుపత్రికి పొండు.

ఇంత శ్రమపడి మంచునేల కుక్కను పెంచవలెనా యని మీరడుగవచ్చును. ఇదివఱకే పెంచుచున్నవారు పైన చెప్పినవన్నియు చేయవలెను, తప్పదు. క్రొత్తగా కొనదలచువారు మాత్రము ఒకసారి ఆలోచింపవలెను. నీలికన్నుల యందము చూచి కూనను కొని, అది ఎదిగి ఊళ పెట్టి గోతులు త్రవ్వినపుడు వీథిలో వదలువారు కలరు. మన వీథికుక్కకు ఎండలో నీడ వెదకికొనుట తెలియును. హస్కీకి అదియు తెలియదు. అట్లు వదలుట దానిని చంపుటయే.

మన నేలకు తగిన కుక్కలు మనకు లేకపోలేదు. మన కోస్తా ప్రాంతమున, కొల్లేటి పరిసరములందు జోనంగి యను జాతి కలదు. దాని రోమములు మిక్కిలి పొట్టివి, ఒంటికి అంటుకొని యుండును. బాతులను మేపువారికి అది కావలి కాచును. ఎండవేళ నేలలో గొయ్యి త్రవ్వుకొని ఆ చల్లదనమున పండుకొనును. ఇక మన వీథిలో పుట్టిన కుక్కకూన ధర యేమియు లేదు. ప్రేమకు కొదువ లేదు. పుంగనూరు నేల ఆవును తీర్చిదిద్దినట్లే, మన యెండలు ఈ కుక్కలను తీర్చిదిద్దినవి.

కొండనడకలో కుక్క తోడు వచ్చిన కథ మహాభారతమునందే కలదు. పాండవులు మహాప్రస్థానమునకై హిమాలయములకు నడచుచుండగా ఒక కుక్క వారి వెంట వచ్చెను. ద్రౌపదియు తమ్ములును దారిలో ఒరిగిపోయిరి. ధర్మరాజును కుక్కయు మిగిలిరి. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనెను. నమ్మి వచ్చిన దానిని విడిచి తనకు స్వర్గము వలదని ధర్మరాజు నిలిచిపోయెను. ఆ కుక్క ధర్మదేవతయే యని పిదప తెలియవచ్చెను. కాని ధర్మరాజు అది తెలిసి నిలువలేదు. అది కుక్క యనియే తలచి నిలిచెను. అతని గొప్పదనమంతయు అందే యున్నది.

మీ యింట కుక్క యుండవచ్చును, లేకపోవచ్చును. ఈ వేసవిలో మీ వాకిట నీడపట్టున ఒక మట్టితొట్టి యుంచి ఉదయ సాయంకాలములు నీరు నింపుడు. రెండు దినములకొకసారి తొట్టిని తోమి కడుగుడు. మధ్యాహ్నవేళ ఏ వీథికుక్కయో వచ్చి త్రాగినపుడు దానిని అదలింపక, దూరము నుండి చూడుడు. దాహముతో నున్న ప్రాణి నీరు త్రాగు చప్పుడు వినుట గూడ ఒక చదువే.